ఎడమచేతి మాట

ముందు వాసన తెలిసింది. పాత తోలు, చెమట, పేడ కలిసిన ముక్కు పగిలే వాసన. గొంతులు ఆ తర్వాత వినబడ్డాయి.

“చెప్పు దియ్యి వదినె! కండ్లు దెరుస్తుంది, దియ్యి!”

“జరసేపు ఉండనియ్యి. మొన్న తొందరపడి దీస్తెనే మళ్ల గుంజుకున్నది.”

బతిమాలుతున్నది తల్లి భీమమ్మ. చెప్పు పట్టుకున్నది అత్త సవారమ్మ. పట్టుకోవడం కాదు, ముక్కుకు అదిమి పెట్టింది. జోగులమ్మ కళ్లు తెరిచేసరికి మొగుడు కురుమూర్తి చెప్పు, అడుగున అంటుకున్న గడ్డిపోచతో సహా, కంటికి బెత్తెడు దూరంలో ఉంది.

బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిననాటి నుంచి మూర్ఛ ఎప్పుడు వచ్చినా ఆమె తిరిగి లోకాన్ని చూడటం ఈ చెప్పుతోనే మొదలవుతోంది. పక్కకు తిరిగి చాప మీద కక్కుకుంది.

“చూస్తివా? లోపటిది బయటపడ్డది,” అంది సవారమ్మ, అదేదో తన ఘనకార్యమైనట్టు.

లోపటిది కాదత్తా, నీ కొడుకు చెప్పు కంపు అని జవాబివ్వాలనుకుంది జోగులమ్మ. నాలుక తిరగలేదు. మూర్ఛ దిగాక కొంతసేపు ఎప్పుడూ ఇంతే. అన్నీ తెలుస్తాయి, మాట మాత్రం నోటికి రాదు. ఎడమ చెయ్యి తనది కానట్టు భుజం నుంచి వేలాడుతుంది. ఆ చచ్చుబడ్డ చేతిలో ఎవరో ఇనుప తాళాల గుత్తి కుక్కారు. ముక్కులో ఉల్లిగడ్డ రసం పిండారు. నెత్తిన ఆవు పంచితం చల్లారు. చీర కింద తడిసి ఉంది. అది మాత్రం ఎవరూ చల్లింది కాదు.

గడప అవతల ఆడవాళ్లు, పిల్లలు గుంపుగా నిలబడ్డారు. చంకలో పిల్లనెత్తుకున్న ఒకామె మెడ సాచి, “అయిపాయెనా?” అని అడిగింది. భాగోతానికి ఆలస్యంగా వచ్చినట్టుంది ఆమె బాధ.

థూ, అనుకుంది జోగులమ్మ. పైకి అనడానికి ఇంకా నోరు రాలేదు.

“ఇగ లేపి తానం చేపియ్యి వదినె,” అంది సవారమ్మ చెప్పు కింద పడేసి. “పగటీలకు ఆ కిరస్తానం డాక్టరు వస్తడంట. మోటార్ల గద్వాల తీస్కపోయి, ఆణ్నుంచి తల కోసే పెద్ద దవాఖానకు రైలెక్కిస్తడంట. ఈ కంపుతోని ఎక్కితె రైల్ల మనుషులు దిగి ఉరుకుతరు.”

కంపు పూసింది తానే. మళ్లీ ముక్కు మూసుకున్నదీ తానే. సవారమ్మతో వచ్చిన చిక్కే అది.

* * *

దొడ్లో గోలెం పక్కన కూర్చోబెట్టి భీమమ్మ బిడ్డకు నీళ్లు పోసింది. పోస్తూ అటూ ఇటూ చూసింది. తడక సందులోంచి కూడా చూసింది.

“బిడ్డా, ఒక ముచ్చట చెప్త, విను. ఆ డాక్టరు నీది ఏ చేతివాటం అని అడుగుతడంట.”

జోగులమ్మ తల ఎత్తింది.

“ఎవలు... చెప్పిన్రు?” ఒక్కో మాటను బావిలోంచి చేదినట్టు తీసింది.

“అల్లుడే. మొన్న దవాఖానకు ఒక్కడే పోయొచ్చిండు గదా. ఏమేమి అడుగుతరో ఆడ చెప్పిన్రంట. పొద్దున నాకు అన్నీ చెప్పిండు. పాపం, ఆయనకేం తెల్వదు, మామూలుగ చెప్పిండు. నాకు మాత్రం గుండె గుభేలుమన్నది. నేను కుడి అని చెప్త. నువ్వు ఎడమచేతి మాట ఎత్తకు.”

“డాక్టరుకు... దాంతోని ఏం పని?”

“ఏమో తల్లీ. సదువుకున్నోళ్లు ఏవేవో అడుగుతరు. కోసేది తల గదా, ఏ చెయ్యని చెప్తె ఏంది?”

జోగులమ్మ పుట్టుకతో ఎడమచేతి పిల్ల. అంబలి గిన్నెలో ఎడమ చెయ్యి పెట్టిన రోజు నుంచి భీమమ్మ ఆ చేతిని నడుముకు పాతచీర పేలికతో కట్టి అన్నం పెట్టేది. పిల్ల ఏడ్చేది, కూడు కింద పోసుకునేది, కుడి చేత్తో మూతి దొరక్క చెంపకు పూసుకునేది. కట్టు విప్పితే మళ్లీ ఎడమ చెయ్యే. ఏళ్లు పట్టింది ఆ చెయ్యి తన చోటు తెలుసుకోవడానికి. పెళ్లినాటికి నలుగురిలో కుడి చెయ్యే ముందుకొచ్చేది. భీమమ్మ దాన్ని తన పెంపకం గొప్ప కింద లెక్కేసుకుంది.

ఊరికే కాదు ఆమె భయం. సవారమ్మ మరిది ఇంట్లో ఒక కోడలు ఎడమ చేత్తో వడ్డించిందని పంక్తి మొత్తం విస్తళ్ల ముందు నుంచి లేచిపోయింది. ఆ పిల్లను పుట్టింట్లో దింపి వచ్చారు. మళ్లీ పిలవనే లేదు. ఈ కథను సవారమ్మ పండగ పండగకూ చెబుతుంది, చెప్పి ఎడమ చెయ్యి అన్నప్పుడల్లా మూతి తుడుచుకుంటుంది.

“నీ కాళ్లు మొక్కుత,” అంటూ భీమమ్మ నిజంగానే వంగి, తడికాళ్లు పట్టుకుంది. “మూర్ఛా పోవాలె, కాపురమూ నిలవాలె. నాకు రెండూ కావాలె బిడ్డా.”

తల్లి చేతులు కాళ్ల మీద పడేసరికి జోగులమ్మకు ఇంతకంటే ఆ చెప్పే నయమనిపించింది. కాళ్లు వెనక్కి లాక్కుంది.

* * *

రజాకార్ల గొడవలు సద్దుమణిగాక గద్వాల మిషన్ దవాఖానకు గుంటూరు వైపు నుంచి వచ్చాడు డాక్టరు దేవదాసు. ఆయన మోటారు దిగి వాకిట్లోకి రాగానే కురుమూర్తి మంచం వాల్చాడు.

“మంచం తర్వాత కడుక్కోవచ్చు గని, గడప మాత్రం దాటనియ్యకు,” అని కొడుకుతో గుసగుసలాడింది సవారమ్మ. గుసగుసలాడటం ఆమెకు చేతకాదు. వడ్డేపల్లి ఊరు సగానికి వినబడింది.

దేవదాసు మంచం మీద కూర్చోలేదు. విప్పి పెట్టిన బండి నొగల మీద కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అలవాటైన మనిషిలా ఉన్నాడు.

ఆయన ఇచ్చిన గోళీలు ఈ ఇంట్లో మింగారు. ఆయన వేళ్లు కోడలి నాడి పట్టుకున్నాయి. రేపు ఆయన మాట మీద ఈ తల కత్తి కిందికి పోతుంది. ఆయన కూర్చున్న మంచం మాత్రం పేడనీళ్లతో కడగాలి. గోడకానుకుని కూర్చున్న జోగులమ్మకు తన ఇంటి మనుషుల మీద ఓకరింపు వచ్చింది.

“పొద్దున మళ్లీ వచ్చిందా?” అని అడిగాడు దేవదాసు ఆమెనే చూస్తూ.

“వచ్చింది సారు, పెద్దగనే వచ్చింది,” అన్నాడు కురుమూర్తి. “ఎడమ చేతి వేళ్లు ముందుగల్ల కొట్టుకుంటయి. ఇగ పెయ్యంత ఊగుతది.”

“ఆ వేళ్లే మనకు దారి చూపిస్తున్నాయి. ఎడమ ఒంటిని నడిపేది మెదడులో కుడి పక్క. బండి మీంచి పడ్డప్పుడు అక్కడ మచ్చ పడి ఉంటుంది. ఆ మచ్చ ఉన్న ముక్క తీసేస్తే మూర్ఛలు తగ్గవచ్చు. చెన్నపట్నం అవతల పెద్ద దవాఖానలో, పైదేశంలో నేర్చుకొచ్చిన డాక్టరుగారు ఉన్నారు. ఆయన చేస్తారు. అయితే ఒక్కటి తేల్చుకోవాలి.”

దేవదాసు తన తల మీద రెండు పక్కలా చేతులు పెట్టుకుని చూపించాడు.

“మనిషి మాట్లాడేది నాలుకతోనే అనుకుంటాం. మాట పుట్టే చోటు మెదడులో ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు దాదాపు అందరికీ అది ఎడమ పక్క ఉంటుంది. అలాంటప్పుడు కుడి పక్క కోసినా మాటకు భయం లేదు. మత్తు ఇచ్చి నిద్రపుచ్చి పని కానిస్తారు. ఎడమచేతి వాటం వాళ్లలో కొందరికి మాత్రం ఆ చోటు కుడి పక్కే ఉంటుంది. చూసుకోకుండా కోస్తే మూర్ఛతో పాటు మాటా పోతుంది.”

భీమమ్మ చేతిలో చెంబు వంకర తిరిగి నీళ్లు ఒలికాయి. ఎవరూ చూడలేదు. జోగులమ్మ చూసింది.

“ఎడమచేతి వాటం అయితే ఏం చేస్తరు సారు?” అని అడిగాడు కురుమూర్తి.

“అప్పుడు నిద్రపుచ్చరు. పైచర్మానికి మాత్రం మందు ఇస్తారు. పుర్రె తెరిచాక మెదడు మీద సన్నని తీగ తాకిస్తారు, అందులో కరెంటు చాలా కొద్దిగా ఉంటుంది. మెదడుకు నొప్పి తెలియదు. ఆమె మాట్లాడుతూనే ఉండాలి. బొమ్మ చూపించి ఇదేమిటి అంటే చెప్పాలి. తీగ ఏ చోట తాకితే మాట ఆగిపోతుందో, తప్పిపోతుందో, ఆ చోట చిన్న కాగితం ముక్క గుర్తు పెడతారు. అక్కడ కత్తి పెట్టరు.”

“ఛీ ఛీ!” సవారమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. “పుర్రె తెరిచి ముచ్చట్లు పెట్టిస్తరా? మేకపోతును కూడ గట్ల చెయ్యరు!”

“ఆ డాక్టరుగారికి తెలుగు రాదు. ఇంటి మనిషి ఒకరు ఆమె తల పక్కన కూర్చోవాలి. సరిగ్గా చెప్పిందా, తప్పు చెప్పిందా, తికమకపడిందా, వాళ్లే చెప్పాలి. ఆ మనిషి తప్పు చెబితే కత్తి తప్పుచోట పడుతుంది.”

“మీరుండరా సారు?” అంది భీమమ్మ సన్నగా.

“ఇటు ఊళ్లలో కలరా మొదలైంది, నేను కదలలేను. రైల్లో మా కంపౌండరు ఇస్రాయేలు తోడు వస్తాడు, మీరు చెప్పింది డాక్టరుగారికి ఇంగ్లీషులో చెబుతాడు. అతనూ గుంటూరువాడే. మీ ఇంటి మాట మాకిద్దరికీ సగమే తెలుస్తుంది.”

“నేను కూసుంట సారు,” అన్నాడు కురుమూర్తి. “మొగడ్ని. దాని మాట నాకు తెలిసినట్టు ఎవలకు తెలుస్తది?”

కురుమూర్తి పది మాటలకు ఒక మాట ఆడే మనిషి. అలాంటివాడు అంత మాట నలుగురిలో అనేసరికి జోగులమ్మ మనసు మెత్తబడింది. చెప్పు కంపు కూడా ఒక్క క్షణం మరిచిపోయింది.

సవారమ్మకు మాత్రం ఈ చర్చంతా దండగగా కనబడింది.

“గింత పరేషాన్ ఎందుకు సారు? మాట పోతె పోనియ్యి, మూర్ఛ పోతె చాలు. కోడలికి మాటెందుకు? కాలు చెయ్యి ఆడితె పని జరగదా?”

దేవదాసు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. భీమమ్మ నేల చూసింది. తలపక్కన కూర్చుంటానన్న కురుమూర్తి కూడా నేలే చూశాడు. జోగులమ్మ ముగ్గురి మొహాలూ చూసింది. అమ్మా, అట్లనకు అనడానికి మొగుడికి ఎంతసేపు పడుతుంది? ఆ సేపు గడిచిపోయింది. ఇంకొంచెం కూడా గడిచింది.

“సరే, చెప్పండి,” అన్నాడు దేవదాసు భీమమ్మ వైపు తిరిగి. “మీ అమ్మాయిది ఏ చేతి వాటం?”

భీమమ్మ వియ్యపురాలి వైపు చూసింది.

“కుడి సారు.”

“చిన్నప్పటి నుంచీనా?”

“ఊఁ... చిన్నప్పటి సందే.”

దేవదాసుకు నమ్మకం కుదరలేదు. కురుమూర్తి వైపు తిరిగాడు. “మీరు చెప్పండి. పొలంలో ఒంటరిగా పని చేసేటప్పుడు, ఎవరూ చూడనప్పుడు, ఏ చెయ్యి ముందుకొస్తుంది?”

కురుమూర్తి పెళ్లాం మొహం వైపు చూశాడు.

అతనికి తెలుసు. అతని తల్లికి తెలియదు గానీ, అతనికి బాగా తెలుసు. పెళ్లయిన ఏడాది జొన్నకోతల్లో, చేలో ఇద్దరే ఉన్నప్పుడు, కొడవలి ఆమె ఎడమ చేతిలోకి మారడం చూశాడు. కొడవలి పళ్లన్నీ కుడిచేతి కోతకు అరగదీసి ఉంటాయి. ఎడమ చేత్తో లాగితే జారి వేళ్లు కోస్తాయి. ఆ రోజు ఏమీ అనలేదు. తర్వాత ఒకనాడు తుండుగుడ్డలో చుట్టి ఒక కొత్త కొడవలి తెచ్చాడు. “కమ్మరికి చెప్పి పండ్లు ఇటుదిక్కు తిప్పిచ్చిన. చూర్ల దాస్కో. అమ్మకు చూపియ్యకు,” అన్నాడు. మెడలో బంగారం వేసినా అంత సంతోషపడేది కాదు ఆమె. ఈ ఇంట్లో తనది అనదగ్గ వస్తువు అదొక్కటే. మొగుడు మంచివాడని ఆమె నమ్మింది కూడా దాన్ని చూసే.

“కుడిచెయ్యే సారు,” అన్నాడు కురుమూర్తి.

* * *

ఆ సమయంలోనే మోటారు డ్రైవరు గోవిందు బకెట్టు పట్టుకుని బావి దగ్గరికి పోయాడు. ఇంజనులో నీళ్లు పొయ్యాలట.

“ఏయ్, ఎవనివిరా నువ్వు? బాయిల నీ బకెట్టు దించకు! దించకంటున్న!” అని అరుస్తూ సవారమ్మ పరుగెత్తింది. వియ్యపురాలి వెనకే భీమమ్మా పోయింది. డ్రైవరు మీద కేకలు పెరిగేసరికి దేవదాసు కూడా లేచి వెళ్లాడు.

వాకిట్లో మొగుడూ పెళ్లాలే మిగిలారు.

“ఎందుకు గట్ల చెప్పినవ్?” అంది జోగులమ్మ. మాట ఇంకా ముద్దముద్దగా వస్తోంది.

“మెల్లగ. అమ్మ వింటది.”

“కొడవలి యాది లేదా?”

“యాదికుంది.”

“ఉండి... కుడి అన్నవా? నా మాట పోతది. ఇప్పుడే చెప్పిండాయన.”

కురుమూర్తి దగ్గరికి జరిగాడు. ఆమె నుదుటికి అంటుకున్న తడి వెంట్రుకలను వేలితో పక్కకు తీశాడు.

“పోతె ఏమైతది జోగీ? నేను లేనా? నీకేం కావాల్నో నాకు తెల్వదా? ఆకలైతె చెయ్యి చూపియ్యి, పెడ్త. మంచిగ చూస్కుంట నిన్ను.”

వెటకారం కాదు. ప్రేమగానే అన్నాడు. గొడ్డును కూడా ఇంతే ప్రేమగా చూసుకుంటాడు మరి.

“మాట పోతదని... ముందుగల్లనే తెలుసా నీకు?”

“మొన్న దవాఖానల చెప్పిన్రు.”

“మా అమ్మకు ప్రశ్న చెప్పినవ్. మాట పోతదని చెప్పలే.”

కురుమూర్తి వేలు వెనక్కి తీసుకున్నాడు. అతని గొంతు మారింది.

“అయిజ పశువుల అంగడిల ఏం చేసినవో యాదికుందా? నేనమ్మే ఎద్దు కుంటిదని పదిమందిల అరిస్తివి. ఇప్పటికి గూడ నన్ను చూస్తె కుంటెద్దు కురుమూర్తి అని నవ్వుతున్రు. నేను నిన్ను ఒక్క మాటన్ననా? చెయ్యి లేపిన్నా? లేపలే. ఇగ ఇంట్ల జర సప్పుడు లేకుంట ఉంటె ఎవల సొమ్ము పోయింది?”

“ఎద్దు కుంటిదే.”

“కుంటిదే. అయితె?”

జోగులమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఇన్నాళ్లూ అత్త నోటిని అసహ్యించుకుంది, తల్లి భయాన్ని ఏవగించుకుంది. ఈ మనిషిని మాత్రం పక్కన పెట్టి, నా అదృష్టం అనుకుంది. ఎంత పిచ్చిదాన్ని అనుకుంది. అత్త తిట్టి ఊరుకుంటుంది. ఈయన తల నిమురుతూనే నాలుక కోస్తాడు.

* * *

నీళ్ల తగాదా తేల్చుకుని అందరూ తిరిగి వచ్చారు. డ్రైవరుకు దోసిట్లోకి పోసినట్టు దూరం నుంచి బకెట్టులోకి పోసిందట సవారమ్మ. ఆ గెలుపుతో ఆమె మొహం వెలుగుతోంది.

“ఇంకొక్కటి,” అన్నాడు దేవదాసు నొగల మీద కూర్చోకుండానే. “మూర్ఛ వచ్చే ముందు, ఇంకా తెలివి ఉండగానే, ఆమెకు మాట ఆగిపోతుందా? మూర్ఛ దిగాక మాట రావడానికి ఆలస్యమవుతుందా?”

“అది మొండిది సారు,” అంది సవారమ్మ. “పిలిస్తె పలకది. కావాల్నని పలకది.”

“నేను ఆమెను అడుగుతున్నానమ్మా.”

జోగులమ్మ గోడ పట్టుకుని లేచింది.

“ఆగుతది సారు. మాట... మాటనే ముందు పోతది. మళ్ల రానీకి శానసేపు పడ్తది. ఇప్పుడు గూడ...” మాట కూడదీసుకుంది. “నాది ఎడమచేతివాటం సారు. పుట్టుకనుంచి ఎడమనే.”

సవారమ్మ నోరు తెరిచింది.

“ఏందే? ఏమన్నవ్? ఎడమచెయ్యా? ఆ చేతితోని నాకు ముద్దలు కలిపి పెట్టినవానే? దీపం ముట్టిచ్చినవా ఆ చేతితోని? వదినె, ఏమంటుంది నీ బిడ్డ?”

భీమమ్మ ఉన్నచోటే కూలబడింది.

“ఆయనకు తెలుసు సారు,” అంది జోగులమ్మ మొగుడి వైపు చూస్తూ. “నాకు ఎడమచేతి కొడవలి చేయించిందే ఆయన. ఉండున్రి, తెస్త, చూద్దురు.”

గోడ పట్టుకుని పశువుల కొట్టం దాకా నడిచింది. కుడి చెయ్యి ఎత్తి చూరులో, ఎప్పుడూ దాచే వాసానికీ గడ్డికీ మధ్య వెతికింది. దుమ్ము రాలి కళ్లలో పడింది. బల్లి రెట్టలు వేళ్లకు తగిలాయి. ఇంకా లోపలికి దూర్చింది. పాత పగ్గం ముక్క ఒకటి జారి కింద పడింది. అంతే.

వెనక్కి తిరిగి చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు, కురుమూర్తి ఒక్కడు తప్ప. అతను తన వేలి గోరు చూసుకుంటున్నాడు. చూరులో ఏమీ దొరకదని అతనికి ముందే తెలుసు. దవాఖాన నుంచి వచ్చిన రోజునే తీసేసి ఉంటాడు.

“అమ్మా, పరవాలేదు, ఇటు రండి,” అని దేవదాసు మెల్లగా పిలిచాడు. జేబులోంచి కలం తీసి చాచాడు. “ఎడమ చేత్తో ఇది పట్టుకుని చూపించండి.”

జోగులమ్మ ఎడమ చేతిని ఎత్తబోయింది. పొద్దున మూర్ఛతో చచ్చుబడ్డ చెయ్యి ఇంకా లేవలేదు. దేవదాసే కలాన్ని వేళ్ల మధ్య పెట్టాడు. వేళ్లు మూసుకోలేదు. కలం జారి మట్టిలో పడింది.

“మూర్ఛ దిగలే సారు,” అన్నాడు కురుమూర్తి. గొంతులో జాలి ఉంది. “పొద్దటి సంది గిట్లనే, ఏదేదో అంటుంది. మా ఇంట్ల గట్లాంటి కొడవలే లేదు. నేను దాని తలకాడ కూసునేటోన్ని, నాకు తెల్వదా అది ఎప్పుడు తెలివితోని మాట్లాడుతదో, ఎప్పుడు మాట్లాడదో?”

జోగులమ్మకు పుర్రె తెరిచిన తల కనబడింది. పక్కన పీట మీద కురుమూర్తి. తాను నిజం చెబుతోంది, అతను తెలుగు రాని డాక్టరుకు ఏదో చెప్పిస్తున్నాడు, డాక్టరు తల ఊపుతున్నాడు. నోరంతా చేదుగా అయింది. అతని కాళ్ల ముందు ఉమ్మేసింది.

“చూసిన్రా సారు?” అన్నాడతను ఇంకా జాలిగానే.

దేవదాసు వంగి కలం తీసి దుమ్ము తుడుచుకున్నాడు. గోవిందు మోటారు స్టార్టు చేశాడు. ఆ మోతలో దేవదాసు గొంతు పెంచాల్సి వచ్చింది.

“భీమమ్మగారూ, కన్నతల్లి మీరు. ఈ అమ్మాయి మాట మీకంటే ముందు విన్నవాళ్లెవరూ లేరు. ఇంతకుముందు మీరు చెప్పింది నేను మరిచిపోతాను. ఇప్పుడు చెప్పండి, అదే ఆ డాక్టరుగారికి చేరుతుంది. మీ బిడ్డ తెలివిలో ఉండి మాట్లాడుతోందా, లేదా?”

“చెప్పమ్మా,” అంది జోగులమ్మ. “ఒక్క మాట.”

భీమమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది. నోరు తెరిచింది. బిడ్డ మొహం చూడలేదు. వియ్యపురాలి మొహం చూసింది, ఇందాక కుడి అని చెప్పే ముందు చూసినట్టే.